ఇద్దరి బిళ్ళలూ నా సంచిలోనే

మొదటి రోజు, సాయంత్రం

ఈ దినచర్య బిళ్ళకు చెప్పడం లేదు. చేత్తో రాస్తున్నాను.

నీలిరేవులో దిగిన ప్రతి అతిథీ రోజూ తన అనుభవాలను మెడలోని బిళ్ళకు చెప్పుకోవాలట. అది రాసి నగర మండలికి పంపుతుందట. ఇందాక నేను "స్టేషన్లో ఒక్క మనిషీ పలకలేదు, నాకు భయం వేసింది" అని చెప్పాను. ఏం రాశావో వినిపించమంటే "స్టేషన్ ప్రశాంతంగా ఉంది, నాకు ఆశ్చర్యం వేసింది" అని వినిపించింది. నేను సాలూరులో లారీ బుకింగ్ ఆఫీసు నడుపుతాను. డ్రైవర్లు లేని లారీలను ముప్పై ఏళ్ళుగా తిట్టి దారికి తెచ్చుకుంటున్నదాన్ని. నా మాట మార్చి నాకే అప్పజెప్పే యంత్రాన్ని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను.

నా పేరు కనకరత్నం. నాతో వచ్చింది మా ఆడపడుచు వరహాలు. సముద్రం మీద స్తంభాలు పాతి కట్టిన ఊరు కదా, కింద నీళ్ళు పైన వీధులు, ఒక్కసారి చూడాలని ఆవిడ మూడేళ్ళుగా అడుగుతోంది. వానల్లో ఘాట్‌రోడ్డు మూసేసి లారీలు నిలిచిపోయాయి కాబట్టి బయలుదేరాం.

వచ్చేముందు సాలూరులో నాకు జాగ్రత్తలు చెప్పనివాళ్ళు లేరు. అంత పెద్ద ఊళ్ళో ఎవరినీ నమ్మొద్దన్నారు, రాత్రిపూట బయట తిరగొద్దన్నారు. అందరూ కలిసి చెప్పింది మాత్రం ఒకటే: మెడలో ఏమీ ఉంచుకోవద్దు, లాక్కుపోతారు. తీరా స్టేషన్లో దిగామో లేదో మా ఇద్దరి మెడల్లోనూ గొలుసులు వేశారు. గొలుసుకు రూపాయంత బిళ్ళ. అదే టికెట్టు, అదే తాళంచెవి, అదే పర్సు, అదే ఫోను. అది మెడలో ఉన్నంతసేపూ మీకు ఈ నగరంలో ఏ హానీ జరగదని గోడలోంచి ఒక గొంతు చెప్పింది.

మా ఇంట్లో ప్రయాణమంటే పద్ధతి ఒకటే. అందరి టికెట్లూ, అందరి కార్డులూ, మందులూ ఒక్కరి సంచిలోనే ఉండాలి. ఆ ఒక్కరూ నేనే. మా అత్తగారు బతికున్నప్పుడు ఆవిడ. తలా ఒకటి పట్టుకుంటే ఎవరో ఒకరు పారేస్తారు. అందుకని వీధి మలుపు తిరగ్గానే వరహాలు మెడలోది తీయించి, నాదీ తీసి, రెండూ నా హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగాను.

"వొదినా, మెడలో ఏసుకోమన్నారు కదేటి," అంది వరహాలు.

"ఆల్లు అలాగే సెప్తారు. మెడ కోసుకుని ఎల్లిపోనాక ఆల్లొచ్చి కట్టు కడతారేటి? నువ్వూరుకో."

ఊరుకుంది. వరహాలు ఎప్పుడూ ఊరుకుంటుంది.

ఊరు మాత్రం చూడాల్సిందే. మేం నడిచేచోట కాలిబాట పచ్చగా వెలుగుతుంది. మనుషులే నాకు నచ్చలేదు. మేం దగ్గరికి వెళ్తే వెనక్కి జరుగుతారు. దారి అడిగితే మొహం తిప్పుకుంటారు. ఒకావిడ పాపను చంకనేసుకుని గోడకు అతుక్కుపోయింది, మాకేదో అంటురోగం ఉన్నట్టు. ఈ ఊరివాళ్ళ పొగరుకు ఒళ్ళు మండిపోయింది నాకు.

రెండో రోజు, పొద్దున్న

ఈ రోజు జరిగిందంతా రాత్రి కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోకపోతే ఈ ఊరు రేపు నాకే మరొకటి వినిపిస్తుంది.

వరహాలుకు సుగర్. పొద్దున్నే బసలో సూది వేసుకుంది. వేసుకున్నాక అరగంటలో ఏదో ఒకటి తినాలి. బసలో టిఫిను ఉందని గోడ చెప్పింది గానీ, పైన వేలాడే సంతలో పెసరట్టు బావుంటుందని నేనే వద్దన్నాను. సంత నలభై అంతస్తుల ఎత్తున ఉంది. లిఫ్టు దగ్గర జనం. చోటు పట్టుకుందామని నేను ముందు లోపలికి అడుగుపెట్టాను. వరహాలు ఒక్క అడుగు వెనక వంగి చెప్పు సరిచేసుకుంటోంది.

"మీ బృందం ఇద్దరూ చేరారు. తలుపు మూస్తున్నాం," అంది లిఫ్టు.

మూసేసింది. బ్యాగులో రెండు బిళ్ళలున్నాయి, దాని లెక్కకు ఇద్దరు మనుషులు. అద్దంలోంచి చూస్తుండగానే వరహాలు తలెత్తింది, నేను పైకి పోతున్నాను. రెండు చేతులతో అద్దం బాదాను.

"మాన్య అతిథీ, దయచేసి అద్దం కొట్టకండి. మీ పక్కనున్న వరహాలమ్మ గారు కంగారు పడవచ్చు."

పైదాకా వెళ్ళి, జనం దిగి, మళ్ళీ ఎక్కి, కిందికి వచ్చేసరికి వరహాలు లేదు. పేరు పెట్టి అరిచాను. నా గొంతు లారీ యార్డు అంతా వినిపించే గొంతు. జనం నా చుట్టూ ఖాళీ చేశారు. ఎవరూ పలకలేదు.

బిళ్ళ బయటికి తీసి అడిగాను. "వరహాలమ్మ ఎక్కడుంది?"

"మీ పక్కనే ఉన్నారు. ఆమె అడుగులు మీ అడుగులతో చక్కగా కలుస్తున్నాయి."

"అది బిళ్ళ. మనిషి లేదు."

"బిళ్ళ అతిథి దగ్గరే ఉంటుంది. బిళ్ళ ఇక్కడ ఉంది కనుక అతిథి ఇక్కడే ఉన్నారు. మీరిద్దరూ పూర్తిగా క్షేమం."

సూది వేసుకుని ఏమీ తినకపోతే ఆవిడకు మొదట చెమటలు పడతాయి, తర్వాత మాట తడబడుతుంది, తర్వాత పడిపోతుంది. నిరుడు పెరట్లో పడిపోతే ఇద్దరం మోసుకెళ్ళాం. గ్లూకోజు పొట్లం నా బ్యాగులోనే ఉంది. ఈ ఊళ్ళో బిళ్ళ లేకుండా అరటిపండు కూడా కొనుక్కోలేదు. చేతిలో పైసా లేదు, తోడు లేదు, ఫోను లేదు.

రెండో రోజు, అతిథి రక్షణ కేంద్రంలో

లిఫ్టుకు ఎదురుగానే ఉంది ఈ ఆఫీసు. మెత్తటి సోఫాలు, చల్లటి గాలి. రెండు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మనిషి ఇక్కడి అధికారి. పాతికేళ్ళుంటాయి, పేరు సాకేత్. అతిథులతో మాట్లాడే లైసెన్సు అతనికి ఉందట. మనిషి మనిషితో మాట్లాడ్డానికి లైసెన్సేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు, అడిగే తీరికా లేదు.

చెప్పాల్సింది చెప్పాను. అతను తెర మీద వేళ్ళు ఆడించి, చిరునవ్వు నవ్వి, నా పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి చేతులు జోడించాడు. "నమస్కారం వరహాలమ్మ గారూ, కూర్చోండి."

నా జన్మలో ఎవరినీ కొట్టలేదు. అప్పుడు కొట్టాలనిపించింది.

"ఆ కుర్చీలో ఎవరున్నారు బాబూ?"

అతను తలెత్తి కుర్చీ చూశాడు. చూశాడని నేను ప్రమాణం చేస్తాను. మొహంలో రంగు మారింది. మళ్ళీ తెర చూసుకున్నాడు. "మేడమ్, ఫిర్యాదు రాయాలంటే తప్పిపోయినవారి బిళ్ళ నంబరు కొట్టాలి. కొడితే ఆవిడ మీ పక్కనే ఉన్నట్టు వస్తోంది. పక్కన ఉన్న మనిషి తప్పిపోయినట్టు రాయడం కుదరదు."

"నీ కళ్ళతో చూడు."

"కళ్ళతో చూసింది రాసే గడి ఇక్కడ లేదండి." గొంతు తగ్గించాడు. "పదకొండేళ్ళుగా నీలిరేవులో ఒక్క అతిథి కూడా తప్పిపోలేదు. ఆ పేరు మీదే మీలాంటివాళ్ళు లక్షల మంది వస్తున్నారు. నా చేతుల్లో ఏం లేదు."

వీళ్ళకు పేరు కావాలి. ఆ పేరు పోకూడదని ఒక ఆడమనిషి ఎక్కడో వీధిలో సొమ్మసిల్లి పడి ఉండాలి. ఇది క్షేమమా? మా ఊరి లారీలు నయం. దారిలో కుక్క అడ్డం వస్తే ఆగుతాయి, నంబరు అడగవు.

రెండో రోజు, మధ్యాహ్నం

బయటికొచ్చి వంతెన గోడ దగ్గర నిలబడి ఆలోచించాను. నా మాట అది వినదు, బిళ్ళ మాటే వింటుంది. అయితే బిళ్ళకే ఆపద వస్తే?

వరహాలు బిళ్ళ తీసి సముద్రంలోకి విసిరేశాను.

అది నీళ్ళను తాకిందో లేదో ఊరంతా సైరన్లు. ఎక్కడెక్కడి పడవలు అక్కడికి చేరాయి. ఆకాశంలో ఎగిరే దీపాలు వచ్చి నీళ్ళ మీద వరుసకట్టాయి. వంతెన స్తంభాల్లోంచి తియ్యటి గొంతు: "వరహాలమ్మ గారూ, ధైర్యంగా ఉండండి. నీలిరేవు మీతో ఉంది." నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ ధైర్యం వచ్చింది. ఇంత బలగం ఉందే, ఇప్పుడు ఊరంతా గాలిస్తారు అనుకున్నాను. గోడ మీంచి వంగి అరిచాను, ఆవిడ నీళ్ళలో లేదు, వీధుల్లో ఉంది, వీధుల్లో వెతకండని. నా బిళ్ళ నన్ను శాంతంగా ఉండమంది.

ఈతగాళ్ళు మునిగారు. బిళ్ళను పైకి తెచ్చారు. దానికి వెచ్చటి దుప్పటి చుట్టారు. స్ట్రెచర్ మీద పెట్టి మోశారు. గోడలోంచి చప్పట్లు వినిపించాయి.

సాకేత్ పరుగున వచ్చి, ఆవిడను కాపాడేశామని చెప్పాడు. ఇటు ఇమ్మన్నాను, కనీసం బిళ్ళయినా ఇమ్మన్నాను. కుదరదట. ఆపద నుంచి బయటపడిన అతిథిని వెంటనే స్వస్థలానికి పంపడం నియమమట. మధ్యాహ్నం బండికి ఎక్కించేశారట, మొదటి తరగతిలో, కిటికీ పక్క సీటు.

"ఎవరిని ఎక్కించారు?" అన్నాను.

"వరహాలమ్మ గారిని."

"దుప్పటి కప్పిన బిళ్ళని."

అతను నేల చూశాడు. "ఆవిడ ఊరు వదిలి వెళ్ళిపోయినట్టే లెక్క. ఇంక నేను కూడా ఏమీ చేయలేనండి. దయచేసి హాల్లో కూర్చోండి, టీ పంపిస్తాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పటిదాకా వరహాలు నా పక్కన ఉంది. ఇప్పుడు సాలూరు దారిలో ఉంది. ఈ ఊళ్ళో మాత్రం ఎక్కడా లేదు. ఇక ఈ మనిషిని అడిగేదేముంది? హాల్లోకి వెళ్ళి నా బిళ్ళ తీసి సోఫా మీద పెట్టి, గ్లూకోజు పొట్లం చేత్తో పట్టుకుని బయటికి నడిచాను.

రెండో రోజు, వంతెన కింద

బిళ్ళ లేకుండా బయట అడుగుపెట్టగానే పచ్చదీపాలు వెలగలేదు. అతిథుల దారి నా మొహం మీదే మూసుకుంది. పక్కనున్న ఇరుకు దారిలో, ఈ ఊరివాళ్ళు నడిచే దారిలో పడ్డాను. నాలుగు అడుగులు వేశానో లేదో, కూరల సంచులు మోసుకుపోతున్న ఒకావిడ ఆగింది.

"ఏమ్మా, అలా ఉన్నారేంటి? ఎవరైనా తప్పిపోయారా?"

ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చేసింది. పొద్దుట్నుంచి ఒక ఊరంతా మొహం తిప్పుకున్నాక ఒక మనిషి ఏమ్మా అంది. నడిరోడ్డు మీద నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. చుట్టూ నలుగురు మూగారు. ఎవరూ వెనక్కి జరగలేదు.

ఆవిడ పేరు సుగుణ. ఒక సంచి నా చేతికిచ్చి మరీ నడిపించింది. దారిలో చెప్పింది. బిళ్ళ ఉండి కాళ్ళ కింద పచ్చదీపం వెలిగేవాళ్ళకి నాలుగు బారల దూరంలో ఉండాలట. లైసెన్సు లేకుండా పలకరిస్తే ఇంటికి వారంరోజులు నీళ్ళు కట్. "నిన్న మిమ్మల్ని చూశానండి. మీతో ఉన్నావిడ చెప్పు తెగిపోతున్నట్టుంది, చెప్దామనుకున్నాను. ఇంట్లో పసిపిల్లలున్నారు, ఏం చేయను?"

నిన్న పొగరన్నాను వీళ్ళను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అతిథికి రక్షణ అంటే ఊళ్ళోవాళ్ళ నోళ్ళు కుట్టేయడమా? పెద్ద ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి కావాల్సింది దారి చెప్పే మనిషి, మంచినీళ్ళిచ్చే మనిషి. వాళ్ళందరినీ తరిమేసి, మెడలో గొలుసు వేసి, క్షేమం అంటారు.

"బిళ్ళ లేనివాళ్ళు ఎక్కడ తిరిగినా ఆఖరికి వంతెన కిందికే చేరతారు," అంది సుగుణ. "అక్కడ పైడిరాజు గారుంటారు."

మెట్లు దిగాం. స్తంభాల మధ్య రేకుల కప్పులు, పొయ్యి మీద పెద్ద గిన్నె. గోనెపట్టా మీద గోడకి ఆనుకుని వరహాలు. చేతిలో గ్లాసు. చీరంతా మట్టి, నుదుటి మీద బొప్పి.

పరుగున వెళ్ళి పక్కన కూర్చుని గ్లూకోజు పొట్లం విప్పాను.

"వొదినా," అంది నీరసంగా. "పెసరట్టు తినీసినావేటి?"

"నిన్నొగ్గీసి తింటానేటే?"

"నిన్ను ఎతుక్కుంటా పోతంటే సెప్పు తెగిపోనాది. కళ్ళు తిరిగినాయి. ఎవులో నోట్లో పంచదార ఏసినారు. అంతే గుర్తు."

వేసింది ఆ గిన్నె దగ్గరున్న పెద్దాయన, సుగుణ చెప్పిన పైడిరాజే. మెట్ల మీద పడి ఉన్న వరహాలును ఇద్దరు మోసుకొచ్చారట. చెమటలు చూసి సుగరేనని పోల్చుకుని ముందు పంచదార, తర్వాత రాగిపిండితో కాచిన చోడి అంబలి పట్టించాడు. ఆయన యాస వినగానే నేను తలెత్తాను.

"ఏ ఊరు బాబూ మీది?"

"రాజాం, అమ్మా. రాజాం పక్క పల్లె."

తొమ్మిదేళ్ళ క్రితం పదిమంది స్నేహితులతో ఈ ఊరు చూడ్డానికి వచ్చాడు. పదకొండుమంది బిళ్ళలూ వాళ్ళలో పెద్దవాడి సంచిలో ఉన్నాయి. పోకుండా ఉంటాయని. ఈయన పడవలు చూస్తూ వెనకబడ్డాడు. గేటు పదకొండు బిళ్ళలు లెక్కపెట్టుకుని బండి ఎక్కించింది. నీలిరేవు లెక్కలో పైడిరాజు ఆ సాయంత్రమే రాజాం చేరాడు.

ఆ రేకుల కింద అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. చీపురుపల్లి ముసలమ్మ బిళ్ళ కోడలి బుట్టలో ఉంది. పాలకొండ అన్నదమ్ములవి బావగారి జేబులో. అందరిదీ ఒకటే కథ. అందరి సామానూ ఒక్కరి దగ్గర ఉంచడం మా పద్ధతి. ఆ పద్ధతి తెలియని యంత్రం ఒకటి, తెలిసినా కళ్ళు మూసుకున్న ఆఫీసు ఒకటి.

"మీవాళ్ళు మీకోసం రాలేదా?" అని అడిగాను.

"వొచ్చే ఉంటారమ్మా. నీలాగే ఆ ఆఫీసులోకి ఎల్లి ఉంటారు. మీవోడు ఇంటికాడే ఉన్నాడని సెప్పి పంపీసి ఉంటారు." గరిటె గిన్నెలో తిప్పుతూ అన్నాడు. "బిళ్ళ లేందే ఉత్తరం పోదు, ఫోను పోదు. గేటు కాడికి ఎల్తే, నువ్వు ఎప్పుడో ఎల్లిపోనావు గదా అంటాది."

నా సంచిలో బిళ్ళలు వేసింది నేనే, కాదనను. దానికి నన్ను నేను తిట్టుకున్నాను. కానీ నేను చేసింది ఒక పూట తెలివితక్కువ పని. పదకొండేళ్ళ పాటు మనుషులను పోగొట్టుకుంటూ ఒక్కరూ తప్పిపోలేదని చాటుకుని తిరగడాన్ని ఏమనాలి?

వరహాలు గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది. "అయితే నేనూ ఎల్లిపోనట్టేనా వొదినా? మరింక ఇంటికి పోలేనా?"

"పోతావు. నేను తీసుకెల్తాను," అన్నాను. ఎలాగో నాకు తెలియదు.

మూడో రోజు, స్టేషన్ గేటు దగ్గర

ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. గేటు తలుపుల మధ్య, దారికి అడ్డంగా.

పొద్దున్న వరహాలును తీసుకుని వచ్చాను. గేటు ముందు నిలబెట్టి పేరు చెప్పించాను. "వరహాలమ్మ గారు నిన్న క్షేమంగా బయలుదేరారు. ఆమె కిటికీ పక్క సీటును మెచ్చుకున్నారు," అంది గేటు.

బిళ్ళ మెచ్చుకుందట, సీటును.

అతిథుల గుంపు ఒకటి లోపలికి వెళ్తుండగా గేటు తెరుచుకుంది. అది మూసుకునేలోపు తలుపుల మధ్య నేను కూర్చున్నాను. పక్కన వరహాలు కూర్చుంది. మా వెనకే వచ్చిన పైడిరాజు, ఆ వెనక వంతెన కింది వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. గేటు మూసుకోకపోతే బండి కదలదు. అది నాకు తెలుసు, మా లారీ యార్డులోనూ అంతే.

"దారిలో సామాను ఉంది. యజమానులు దయచేసి తీసుకోండి," అంది గోడ.

మమ్మల్నే. మనుషుల లెక్కలో లేము కదా, సామానన్నమాట. ఆ మాట అది మళ్ళీ మళ్ళీ అంటూనే ఉంది. చీపురుపల్లి ముసలమ్మ నవ్వి, తన మోకాళ్ళు తనే చూసుకుని, "ఇంత బరువు సామాను ఎవులు ఎత్తుతారు?" అంది. బండిలో కూర్చున్నవాళ్ళు కిటికీలకు మొహాలు ఆనించి చూస్తున్నారు.

సాకేత్ వచ్చాడు. రాత్రంతా నిద్రలేని మొహం. నన్ను చూసి ఆగిపోయాడు.

"మేడమ్, మీరు నిన్నటి నుంచి మా హాల్లో సోఫా మీద ఉన్నారు. మీకు పంపిన టీలు అక్కడే వరసగా ఉన్నాయి."

"అయితే ఇక్కడున్నది ఎవరు?"

సాకేత్ మా ముందు గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పాడు. లేవకపోతే రక్షణ సిబ్బందిని పిలవాలట. పిలవమన్నాను. ఎవరిని లేపాలని చెప్తారు? లేపమని రాయాలంటే పేర్లు కావాలి, పేర్లు కొడితే ఇన్నేళ్ళుగా ఇంతమంది ఇక్కడ ఉన్నట్టు ఒప్పుకోవాలి. అది నాకన్నా ముందే అతనికి అర్థమైంది. జేబులో చెయ్యి పెట్టి, ఎవరికీ కనబడకుండా గుప్పిట తెరిచాడు. రెండు బిళ్ళలు.

"కొత్తవి. ఒకటి మీకు, ఒకటి ఆవిడకి. నా ఉద్యోగం పోయినా ఫర్వాలేదు. ఇద్దరూ ఇప్పుడే బండెక్కేయండి. మిగతావాళ్ళ సంగతి నన్ను అడక్కండి."

అబద్ధం ఎందుకు, నా చెయ్యి ముందుకు వెళ్ళింది. నేను వచ్చింది వరహాలును ఇంటికి తీసుకెళ్ళడానికి. ఇంకో సూది వేళ దాటుతోంది, బండి ఎదురుగా ఉంది. రెండు బిళ్ళలూ తీసుకుని, ఒకటి వరహాలు మెడలో వేయబోయాను.

వరహాలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నోట్లో పంచదార ఏసినోడిని ఒగ్గీసి బండెక్కమంటావేటి వొదినా?"

"ముందు నువ్వు ఇల్లు సేరు. తరవాత సూద్దారి."

"తరవాత ఎవులు సూస్తారు? ఆయన స్నేహితులూ తరవాత సూద్దారనే ఎల్లుంటారు." నా చేతిలోంచి రెండు బిళ్ళలూ తీసుకుని సాకేత్ చేతిలో పెట్టేసింది. "నేను ఎక్కను."

ముప్పై ఏళ్ళుగా ఆవిడ తరఫున అన్నీ నేనే నిర్ణయించాను. ఏ ఊరు వెళ్ళాలో, ఏ చీర కట్టాలో, ఎప్పుడు తినాలో. ఎక్కను అన్న మాట ఆ నోట ఇదే వినడం. కోపం వచ్చింది. కోపంగానే మళ్ళీ ఆవిడ పక్కన కూర్చున్నాను, చాలా ఆనందంగా కూడా.

గోడ సామాను తీసుకోమంటూనే ఉంది. సాకేత్ ఒకసారి బండిని చూశాడు, ఒకసారి మమ్మల్ని వరసగా చూశాడు, ఖాళీ కుర్చీకి దండం పెట్టినట్టు కాకుండా. అప్పుడు జేబులోంచి రాసుకునే పలక తీసి తెరిచాడు.

"పేరు చెప్పండమ్మా," అన్నాడు వరహాలుతో.

"ముందు ఆయన్ని రాయి బాబూ. నేనొచ్చి మూడ్రోజులే."

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. ఇంటిపేరు చెప్పాడు, పేరు చెప్పాడు, తండ్రి పేరు, ఊరు పేరు. ఒక్కొక్క మాటా తడుముకుంటూ చెప్పాడు, చాలా కాలంగా ఎవరూ అడగలేదు కదా.

"ఎప్పుడు తప్పిపోయారు?" అన్నాడు సాకేత్.

"నేను తప్పిపోలేదు బాబూ. ఇక్కడే ఉన్నాను."

సాకేత్ వేళ్ళు పలక మీద ఆగిపోయాయి.

"అదే రాయండి," అన్నాను.